పేరు లేని చీటీ

శుక్రవారం, మదనపల్లె

మా అద్దె పుస్తకాల షాపులో పుస్తకం నచ్చినవాళ్లు చీటీ మీద ఓ మాట, కింద తమ పేరు రాసి అట్టకు అంటిస్తారు. ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకునే అంతరిక్ష నవలకు నేను పేరు లేకుండా "తప్పక చదవండి" అని అంటించాను. నాన్నతో రోజూ టీ తాగే రెడ్డెప్ప సార్ ఈరోజు దాన్ని పీకి నా చేతిలో పెట్టారు.

"దీన్ని సదవమని సెప్పిందెవురప్పా? పేరు రాసేకి గూడా సిగ్గయినట్టుండాది."

ఆ సిగ్గు మాట నిజమైనందుకే ఒళ్లు మండింది. ఆయన ముందే కొత్త చీటీ మీద ఇంటిపేరుతో సహా నా పేరు రాసి అంటించాను. ఆయన వెళ్లిపోయారు.

నేనూ అలాంటివాణ్ణేనని రేపటికల్లా నాన్న చెవిన పడుతుంది. పడనీ. మాంత్రికులవి, గ్రహాంతరవాసులవి, అలాంటి ప్రేమ నవలలే అరలో ఇంకా నాలుగున్నాయి. చీటీలు కత్తిరించి పెట్టుకున్నాను.