కిటికీ మీద శనగల సంచి

దిల్‌సుఖ్‌నగర్

కృష్ణకుమారీ,
నేను మంచిగనే ఉన్న, పరేషాన్ కాకు. నాదర్‌గుల్ అవతలి చెరువుల మట్టి పోస్తున్నరు. పక్షులున్నయని ఫొటో తీసి ఫిర్యాదు చేద్దామని ఆదివారం పోయిన. దిగితే ఎగిరిపోతయని కారులోనే కూర్చొని, ఇంజన్ బంద్‌పెట్టి, కిటికీ మీద నువ్వు కుట్టిన శనగల సంచి వేసి, పొడుగు లెన్స్ దాని మీద ఆనించిన. కొంగలు దగ్గరికొచ్చినయి. అంతల టిప్పర్ డ్రైవర్ “గిది చెరువెక్కడిది సార్, ప్లాట్లు” అన్నడు. ఊకుంటనా? తల బయటపెట్టి “మీ అయ్య జాగీరా?” అని ఒర్రిన. కొంగలన్నీ లేచిపోయినయి. పక్కసీట్ల నువ్వుంటే మోచేత్తో పొడిచేదానివి.

శనగలకు పురుగు పట్టింది, ఎండబెట్టాల్నా, మార్చాల్నా? ఖమ్మంల కొత్త బడి ఎట్లుంది? నీ తోటి టీచర్లకు నా నమస్తేలు.

శనివారం రా, ఎల్‌బీ నగర్‌ల బస్సు కాడ నిలబడుత. ఇంట్ల నాతోని వాదించేటందుకు ఎవ్వలు లేరు.

ఉపేందర్