చేతిలో ఉన్న నగదు

మంగళగిరి,
14 డిసెంబరు 2025.

మిత్రుడు ఇమాం హుస్సేన్‌కు,

రాధాకృష్ణమూర్తి నమస్కారాలు. నువ్వూ, చెల్లెమ్మ రహమతున్నీసా, పిల్లలూ చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. నా క్షేమం సంగతి రాయను, అడగాలని నీకూ ఉండదు. పాతికేళ్లు ఒకే మునిసిపాలిటీలో, ఒకే బల్ల మీద క్యారేజీలు విప్పుకుని తిన్నాం. అలాంటి నిన్ను 'ఒరేయ్ హుస్సేనూ' అని పిలవడానికి ఇవాళ నోరు రావడం లేదు.

మొన్న మన పంపు ఆపరేటర్ త్రినాథ్ వచ్చాడు. సస్పెండ్ చేశాక నువ్వు ఊరు వదిలేసి మార్టూరులో మీ బావమరిది ఇంట్లో ఉంటున్నావట. బిల్లు కలెక్టర్‌గా ఏళ్ల తరబడి నువ్వు పన్ను రసీదులిచ్చిన గుమ్మాలవాళ్లే నిన్ను చూసి 'తినేశాడు' అన్నారట. వింటున్నంతసేపూ మా ఆవిడ బాల నా మొహమే చూస్తూ కూర్చుంది.

నీకు తెలియని సంగతి ఒకటుంది. నీ వార్డంతా మిరప రైతులు, కోతకూలీలు. కాయలు యార్డుకెళ్లి అమ్ముడైతేగానీ వాళ్ల చేతిలో పైసా ఆడదు. సర్కారు లెక్కలేమో మార్చి ముప్పై ఒకటికే తలుపు మూసేస్తాయి. 'కాయలు అమ్మగానే కడతారండీ, నాదీ పూచీ' అని నువ్వు ఏటా అనేవాడివి. ఆ మాట నమ్మి మా అకౌంట్స్ సెక్షన్లో మార్చిలోనే వసూలైనట్టు రాసేసేవాళ్లం. ఏప్రిల్ ఇరవైకల్లా నువ్వు తెచ్చి కట్టేవాడివి. గుంట పూడిపోయేది.

ఈసారి ఆస్తి పన్ను, కుళాయి పన్ను, మార్కెట్ గదుల అద్దెలు ఎంత కూడినా పారిశుద్ధ్యం జీతాలకీ, నీళ్ల మోటార్ల కరెంటు బిల్లుకీ అందలేదు. తొమ్మిది లక్షలు లోటు. కమిషనర్ గారు, ఏమండీ మూర్తిగారూ, రిటైరయ్యే ఏడు లోటు చూపించి పోతారా అన్నారు. అంతే, నీ వార్డు బకాయి పదకొండు లక్షల నలభై వేలూ వసూలైనట్టు లెక్కలో పడిపోయింది. లోటు కాస్తా మిగులైంది. నాకు శాలువా కప్పారు. ఆ ఫోటోలో వెనక వరసలో నువ్వూ చప్పట్లు కొడుతున్నావు.

తర్వాత మిర్చి ధర పడిపోయింది. రైతులు కాయల బస్తాలు కోల్డ్ స్టోరేజీల్లో పెట్టుకుని కూర్చున్నారు, ఇక పన్ను ఎవడు కడతాడు? ఆగస్టులో ఆడిట్ వచ్చింది. లెక్కలో ఉన్న డబ్బు బ్యాంకులో లేదు. నింద నీ మీద పడింది. ఆ నెలాఖరుకే నా రిటైర్మెంటు, పెన్షన్ కాగితాలు కదలాలి. అందుకని నోరు విప్పలేదు. ఛీ, ఏం బతుకు నాది!

ఈ నెల 22న నీ విచారణ. రాకపోతే ఉద్యోగం పోయినట్టే. ఎవరేమన్నా పడి, తప్పకుండా రా.

నీ మంచి కోరే,
రాధాకృష్ణమూర్తి

తా.క. ఉత్తరం బాలకి చదివి వినిపించాను. 'నోరు విప్పలేదా? నిజంగానా?' అంది. అంటించిన కవరు చింపి మళ్లీ రాస్తున్నాను.

హుస్సేనూ, నేను నోరు విప్పాను. వసూలైనట్టు దానంతటది పడలేదు, అది నా చేతిరాత. పక్కన 'బిల్లు కలెక్టర్ చేతిలో ఉన్న నగదు' అని రాసిందీ నేనే. ఎవరండీ ఆ కలెక్టర్ అని ఆడిటర్ అడిగినప్పుడు నువ్వు వరండాలో మా ఇద్దరికీ టీ పట్టుకుని వస్తున్నావు. కిటికీలోంచి వేలు పెట్టి నిన్ను చూపించాను. నువ్వు లోపలికొచ్చి మొదటి గ్లాసు నాకే ఇచ్చావు. తాగాను.

ఈ ఉత్తరం జిరాక్స్ విచారణాధికారికి స్పీడ్ పోస్టు చేస్తున్నాను. 22న నేనూ వచ్చి నోటితో చెబుతాను. పెన్షన్ పోతే పోయింది. ఆ రోజు రెండు క్యారేజీలు కడతానంది బాల. ఒకటి చాలన్నాను. నా ఎదురుగా కూర్చుని తినమని నిన్ను ఏ మొహంతో అడగను?