పచ్చ దీపం వెలగని పాట

హసన్‌పర్తి,
సోమవారం.

ప్రేమగల డాడీకి, నీ సుప్రియ వందనాలు.

గొంతు ఆపరేషన్ తర్వాత ఫోన్లో నిన్ను ఎక్కువ మాట్లాడించొద్దని డాక్టర్ అన్నప్పటి నుంచి మనకు ఉత్తరాలే దిక్కయ్యాయి. అదీ మంచిదే. ఈ సంగతి ఫోన్లో చెప్పగలిగేదాన్ని కాదు. అసలు చెప్పాలో వద్దో ఇప్పటికీ తేల్చుకోలేదు. పొద్దుటి నుంచి రెండు కాగితాలు చింపాను.

శనివారం హనుమకొండలో జరిగిన పాటల షోకు నేను అఫీషియల్ ఫోటోగ్రాఫర్‌ని కదా. నా మెడలో ఆ కార్డు చూసి నువ్వు నలుగురికీ చెప్పుకున్నావని అమ్మ అంది. మిగతా ఫోటోగ్రాఫర్లను మూడు పాటలు కాగానే బయటికి పంపేశారు. చివరిదాకా స్టేజీ పక్కన ఉన్నది నేనొక్కదాన్నే. నీకూ అమ్మకూ ముందు వరుస పాసులు ఇప్పించగలిగానని నా కాళ్లు నేలమీద ఆనలేదు. ఆ గాయకుడి పాటలంటే నీకెంత ప్రాణమో నాకు తెలియదా. వాద్యాలన్నీ మెల్లగా తగ్గి ఆయన గొంతొక్కటే వినిపించిన పాట గుర్తుందా? గ్రౌండంతా ఫోన్ లైట్లు పట్టుకుని నిలబడింది. నువ్వు కళ్లద్దాలు తీసి ఏడ్చావు. తాతయ్య పోయినప్పుడు కూడా నువ్వు ఏడవగా నేను చూడలేదు.

నిన్న చర్చికి పోకుండా ఫోటోలు ఏరుతూ కూర్చున్నాను. ఒక్కోదాన్నీ పెద్దది చేసి చూడాలి. ఆయన మైకు అడుగున చిన్న పచ్చ దీపం ఉంటుంది, మైకు పనిచేస్తుంటే వెలుగుతుంది. అన్ని పాటల్లోనూ వెలుగుతోంది. నువ్వు ఏడ్చిన ఆ ఒక్క పాటకు నలభై మూడు ఫోటోలు తీశాను, ఒక్కదాంట్లోనూ వెలగలేదు. నా కెమెరాదే తప్పేమో అనుకుని మళ్లీ మొదటి నుంచి చూశాను. కాదు డాడీ. ఆయన పాడలేదు. ముందే రికార్డు చేసిన పాటకు పెదవులు కదిపాడు.

సౌండ్ చూసుకున్న కొమురెల్లికి ఫోన్ చేశాను. "గా ఒక్క పాటకే అక్కా. ఆయన గొంతు పట్టేసింది, ఏం జేస్తడు? జనం ఖుష్ అయిండ్రా లేదా? నువ్వు జర సప్పుడు జేయకు" అన్నాడు. వింటున్నంతసేపూ అదీ నిజమే అనిపించింది. ఫోన్ పెట్టాక ఒళ్లు మండింది. ఇప్పుడు షో పెట్టినవాళ్లు తర్వాతి షో పోస్టరుకు ఆ పాట ఫోటోనే కావాలంటున్నారు, కింద 'లైవ్' అని పెద్ద అక్షరాలతో. ఇస్తే ఆ అబద్ధంలో నాకూ వాటా ఉన్నట్టే. ఫోటో బయటపెట్టి అందరికీ చూపించాలని ఒకసారి, అన్నీ పంపేసి చేతులు దులుపుకోవాలని ఒకసారి. గంటకో మనసు.

నాకింత కోపం ఎందుకో కూడా చెప్పేస్తాను. నాకు ఎనిమిదేళ్లప్పుడు చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసులో పాట రాక పెదవులు కదుపుతుంటే నువ్వు హార్మోనియం ఆపావు. "పెదవులు గదిపితె దేవునికి వినపడది బిడ్డా" అని అందరి ముందూ నన్ను వరుసలోంచి తీసి పక్కన నిలబెట్టావు. నీకు గుర్తుండదు. ఆ రోజు నుంచి నేను చర్చిలో పాడలేదు. పాడేవాళ్లను పక్కన నిలబడి చూడడం అలవాటైంది, చివరికి అదే పనైంది. అలాంటి నువ్వు ఆ ఉత్తుత్తి పాటకు ఏడిస్తే నేనేమనుకోవాలి? చెప్పకుంటే నిన్ను మోసం చేసినట్టుంది. చెబితే నీ సంతోషాన్ని లాక్కున్నట్టుంది. వచ్చే సోమవారంలోపు ఫోటోలు ఇవ్వాలి. ఏం చేయమంటావు?

నీ కూతురు,
సుప్రియ

నర్సంపేట,
గురువారం.

నా బిడ్డ సుప్రియకు, డాడీ దీవెనలు.

నీ ఉత్తరం మీ అమ్మకు ఇంకా చూపించలేదు. ముందు నీకు రాసి, తర్వాత ఆమెకు చెబుతాను.

ఆయన పాడడం లేదని నాకు పల్లవిలోనే తెలిసింది. ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకోలేదు. నలభై ఏళ్లు చర్చిలో క్వయర్ నడిపి పాటలు పాడించినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? ఎడమచెయ్యి గొంతు మీది కండువా దగ్గరే పెట్టుకున్నాడు, నీ ఫోటోల్లో చూడు. నేను ఏడ్చింది పాటకు కాదు.

ఆపరేషన్ తర్వాత నాకు మాట వచ్చింది గాని పాట రాలేదు బిడ్డా. మెల్లగా పాడితే ఏం కాదని ఇంట్లో చెప్పి, పదకొండు నెలలుగా ప్రతి ఆదివారం క్వయర్ ముందు వరుసలో పుస్తకం పట్టుకుని పెదవులు కదుపుతున్నాను. పాస్టరు గారికి తెలియదు. పక్కన నిలబడే భారతికీ తెలియదు. ఇంటికొచ్చాక మీ అమ్మ "ఇయ్యాల మంచిగ పాడినవ్" అంటుంది. అన్నం సహించదు. అయినా వచ్చే ఆదివారం మళ్లీ పోయి నిలబడతాను. ఆ వరుసలో లేకపోతే నేనెవరినో నాకే తెలియదు. అంతమంది ముందు ఆయన కూడా అదే చేస్తుంటే తట్టుకోలేకపోయాను.

ఆ ఫోటో పోస్టరుకు ఇవ్వకు. దీపం వెలిగే పాటది ఇవ్వు. ఎందుకని అడిగితే వాళ్లకు నిజం చెప్పు. ఊరంతా చాటే పని మాత్రం పెట్టుకోకు. ఆయన సంగతి ఆయనే చెప్పుకోవాలి, నా సంగతి నేను చెప్పుకున్నట్టు.

ఆ క్రిస్మస్ నాకు గుర్తుంది. నువ్వు ఎర్ర గౌను వేసుకున్నావు. ఏడవకుండా గోడకు ఆనుకుని నిలబడ్డావు. పిల్లకు మంచి బుద్ధి నేర్పానని ఆ రోజు సంతోషపడ్డాను.

ఈ ఆదివారం క్వయర్లో నిలబడను. శనివారమే పాస్టరు గారికి చెబుతాను. మగవాళ్ల వైపు, నడవ పక్క బెంచీ చివర కూర్చుంటాను. నువ్వు కెమెరా ఇంట్లో పెట్టి రా. ఆడవాళ్ల వైపు అదే వరుసలో చివర కూర్చో, నీ ముఖం నాకు కనపడాలి. నీకు పాట రాదు, నాకు గొంతు రాదు. ఇద్దరం పెదవులు కదుపుదాం. దేవునికి వినపడుతుంది బిడ్డా. ఆ రోజు నీకు తప్పు చెప్పాను.

మీ డాడీ,
సుందర్ రావు