థాయ్‌లాండ్ సంతలో నీ అతుకు

అమ్మా,

నువ్వు పోయిన ఏడాదికే కంపెనీ నన్ను ట్రైనింగ్‌కి థాయ్‌లాండ్ పంపింది. ఆదివారం నాతో పనిచేసే ఇక్కడి అమ్మాయి పల్లె సంతకు తీసుకెళ్ళింది. మన కే.జీ.కండిగై సంతలో లాగే నేలమీద గోతాలు పరిచి వంకాయలు, ఎండుచేపలు పోశారు. ఆ వరస చివర ఒక పెద్దామె చిన్న మగ్గం మీద నేస్తూ, నేసిన గుడ్డలు అక్కడే అమ్ముతోంది.

నేను చూస్తుండగానే పడుగులో ఒక పోగు తెగింది. నా చేతులు ఊరుకోలేదు. పోగు జారకుండా హ్యాండ్‌బ్యాగులోని తిరుత్తణి విబూది వేళ్ళకద్దుకుని, నువ్వు చేసినట్టే రెండు కొసలూ కలిపి పురిపెట్టాను. ఆమె పోగు పొడవునా వేలు రాసి చూసింది. అతుకు దొరకలేదు. నవ్వుతూ ఏదో అడిగింది.

"ఇది నీకు ఎవరు నేర్పారంటోంది," అంది నాతో వచ్చిన అమ్మాయి.

"మా అమ్మ," అంటూ ఫోన్‌లో నీ ఫొటో చూపించాను.

"మీ అమ్మ కూడా నేతగత్తేనా?" అని అడిగించింది పెద్దామె.

అత్తిమంజేరిపేటలో మన ఇంట్లో నేతగాడంటే నాయనే. పొద్దస్తమానం నూలు కండెలు చుట్టి, తెగిన పోగులన్నీ అతికింది నువ్వు. ఎవరైనా అడిగితే మాత్రం, "నేనేం నేస్తా సామీ, ఆయనకి చేతిసాయం చేస్తా ఉండా, అంతే," అనేదానివి.

"ఔను, మా అమ్మ నేతగత్తె," అన్నాను గట్టిగా.

పెద్దామె నీ ఫొటోకి చేతులు జోడించింది. పక్కన గుడ్డలమ్మే ఆడవాళ్ళను పిలిచి మరీ చూపించింది. వాళ్ళంతా నేతగత్తెలేనట.

నువ్వుంటే "గమ్మునుండు పాపా" అని నా నోరు మూసేదానివి. ఈసారి ఆపేవాళ్ళు లేరమ్మా.