గెడ్డకు వెళ్లే ముందు

మంగళవారం

అప్పలమ్మ ఆవులకు గాలికుంటు సోకింది. పోయిన వారం సూదులు వేసి, ఈ జబ్బు దుప్పులకూ అంటుకుంటుందని, కొండ దుప్పులు నీళ్లు తాగే గెడ్డకు ఆవుల్ని తోలొద్దని చెప్పి వచ్చాను. వింటుందనుకోలేదు.

ఇవాళ చూస్తే, బిందెలతో పశువులసాలకే నీళ్లు మోస్తోంది. గెడ్డకు బయల్దేరే ప్రతిసారీ చాకలిసోడా నీళ్లతో కాళ్లు కడుక్కుంటోంది. అది నేను చెప్పలేదు. నాకు తట్టలేదు కూడా.

"ఇంత కష్టం ఎందుకమ్మా?" అన్నాను.

"నా ఆవులకి నువ్వున్నావు బాబూ. ఆ దుప్పులకి ఎవులున్నారు?"

బయటి నుంచి ఇంటికొచ్చి అందరం కాళ్లు కడుక్కుంటాం. అడవి కోసం కడుక్కునే మనిషిని ఇవాళే చూశాను.

పోయిన వారం ఆ సాలలోంచి వస్తూ, గెడ్డను నేను బూట్లతోనే దాటాను.