పార్థియన్ల పేజీలో నీ రాత

అన్నా,

నువ్వు జ్వరంతో పోయి నేటికి ఏడాది. నువ్వు చక్కెర ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి చివరగా చదివిన గ్రీకుల, ప్రాచీన ఇరాన్ పార్థియన్ల చరిత్ర పుస్తకం కోసం ఇవాళ బోధన్ లైబ్రరీకి వెళ్లాను. లైబ్రేరియన్ అందులోని నీ పెన్సిల్ రాతలను రబ్బరుతో చెరిపేస్తున్నాడు.

"మీ అన్న కితాబంత ఖరాబ్ చేసిండమ్మా. ఇగ ఒక్క పేజీనే మిగిలింది."

ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టేశాను.

"ఆగుండ్రి సార్! మా అన్న రాత ఇంకెక్కడ లేదు."

ఆయన చెయ్యి ఆగింది. పారిపోతూనే గుర్రం మీద వెనక్కి తిరిగి గ్రీకు సైన్యంపై బాణాలు వేసిన పార్థియన్ల గురించి ఆ పేజీలో ఉంది. పక్కన నువ్వు రాశావు: "చెల్లె నమ్మదు. సూపియ్యాలె."

ఆయన అది చదివి, రబ్బరును సొరుగులో వేశాడు.

నమ్ముతున్నా అన్నా.