జింకలను పిలిచే పని

పార్కుల శాఖ ముఖ్య అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పార్కులో జింకల సంఖ్యను తగ్గించు కార్యక్రమము – ఆ ఉదయం బకెట్ మోగించి జింకలను పిలుచు విధి నుండి నాకు మినహాయింపు కోరుట – గురించి.

తమ శాఖ వారి పార్కులో, వెనుక గేటు పక్కనున్న జింకల ఆవరణలో నేను దాణా వేయువాడిగా పనిచేయుచున్నాను. అందరూ నన్ను జింకల తాత అంటారు. నాకింకా మనవలు లేరు, అయినా అంటారు. ఈ క్రింది సంగతులు తమకు మనవి చేసుకొనుచున్నాను.

1. మొదట పిల్లల వినోదార్థము రెండు జింకలను తెచ్చినారు. రెంటికీ కొమ్ములు లేనందున రెండూ ఆడవేనని కమిటీ వారు నిర్ధారించి సంతకాలు చేసినారు. నేనూ అలాగే అనుకుని, పెద్దదానికి చిట్టితల్లి అని పేరు పెట్టుకున్నాను. కొన్ని నెలలకు చిట్టితల్లికి కొమ్ములు మొలిచినవి. మగజింక ఏటా కొమ్ములు రాల్చుకుంటుందన్న ముక్క కమిటీకీ తెలియదు, నాకూ తెలియదు. ఆ తరువాత జరిగినది తమరికి వివరించనక్కరలేదు.

2. ఇప్పుడా ఆవరణలో కాలు పెట్టే చోటు లేదు. గడ్డి ఎప్పుడో అయిపోయినది, చెట్ల బెరడు గీరుకుని తింటున్నవి. సందు దొరికితే చాలు, గులాబీ తోటలో పడుతున్నవి. తోటమాలి నాతో మాట్లాడటం మానేశాడు, ఆ మొగ్గలన్నీ నేనే తిన్నట్టు. దాణా పోస్తే బలమైనవి తింటాయి, బక్కవి వెనకాల నిలబడి చూస్తాయి. మగవాటిని వేరు చేయండి మహాప్రభో, వేరే ఊరి పార్కుకైనా పంపండి అని ఎన్నిసార్లు రాసుకున్నానో లెక్క లేదు. ప్రతిసారీ "పరిశీలనలో ఉన్నది" అని జవాబు. కాగితం ఆగుతుంది గానీ జింకలు ఆగుతాయా అయ్యా?

3. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. మొన్న సూపర్‌వైజరు గారు వచ్చి, "తాతా, సోమవారం పొద్దున తుపాకులవాళ్ళు వస్తున్నారు. నువ్వు బకెట్ కొట్టు చాలు, అన్నీ ఒకచోటికి వస్తాయి. చిటికెలో అయిపోతుంది" అన్నారు.

"అన్నీనా బాబూ?"

"అన్నీ కాదులే, ఓ నాలుగు ఉంచుతారు."

"ఏ నాలుగు?"

"నన్నడిగితే నాకేం తెలుసు? పైవాళ్ళ ఇష్టం."

ఆకలి మీదుంటే త్వరగా వస్తాయని నిన్నటి నుండి దాణా కూడా ఆపించినారు. నన్ను చూడగానే అన్నీ కంచె దగ్గరికొచ్చి నిలబడుతున్నవి. నేను మొహం తిప్పుకుని పోతున్నాను.

4. తమ నిర్ణయమును నేను వ్యతిరేకించుట లేదు. అదే నా ఏడుపు. వ్యతిరేకిద్దామంటే నోరు రావడం లేదు. తల్లికి పాలు లేక పిల్లలు చచ్చిపోతే గొయ్యి తీసి పాతిపెట్టేది నేనే, కనుక ఇలాగే వదిలేయండని ఏ మొహంతో అడగను? కానీ తిండి పెట్టడానికి తప్ప ఎన్నడూ నేను వాటిని పిలవలేదు. నమ్మించి గొంతు కోయడం అంటారే, ఆ పని నా చేత చేయించకండి.

5. ఆ రోజుకు సెలవు పెడదామని డాక్టరు గారి దగ్గరకు పోతిని. ఆయన గుండె, ఊపిరి అన్నీ చూసి, "నీకేం తాతా, గుండ్రాయిలా ఉన్నావు" అని అలాగే రాసిచ్చినారు. ఆయన మీద కూడా నాకు ఫిర్యాదు ఉన్నది.

కావున తమరు పెద్ద మనసు చేసుకుని, సోమవారము ఉదయము బకెట్ మోగించుటకు వేరొకరిని నియమించి, నన్ను ఆ పార్కు కనబడనంత దూరములో ఏ పనికైనా పంపవలసినదిగా చేతులు జోడించి వేడుకొనుచున్నాను. ఈ ఒక్కసారికి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దాణా వేయువాడు,
జింకల ఆవరణ

తా.క.: పైన రాసినదంతా మా ఆవిడకు చదివి వినిపించాను. "మరి ఇంకెవరు కొట్టినా అవి వస్తాయా?" అంది. రావు. నాకూ అనుమానం వచ్చి ఈ సాయంత్రం తోటమాలిని బతిమాలి కొట్టించాను. అన్నీ బెదిరి తలో దిక్కు పరుగెత్తినవి, ఒకటి కంచెలో కాలు ఇరికించుకుని విరగ్గొట్టుకుంది. అది విని మా ఆవిడ, "అలా పరుగెడుతుంటే తుపాకీ దెబ్బ సరిగ్గా తగులుతుందా? సగం చచ్చి గిలగిల కొట్టుకుంటాయి. మీరు పిలిస్తే కనీసం నిలకడగా నిలబడతాయి కదా" అని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

కాబట్టి పై అర్జీని చింపేయండి. నేనే వస్తాను, నేనే కొడతాను. కానీ అయ్యా, ఆ పూట బకెట్ నిండా దాణా పోయించండి. ఖాళీ బకెట్ కొట్టి వాటిని పిలవడం నా వల్ల కాదు.